సత్సుకి అజేలియా బోన్సాయ్: వేళ్లు, కాండం ముందు, పువ్వులు తరువాత

మీరు అడిగిన విషయాలను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. అమెరికాలో నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్న మీరు, బోన్సాయ్‌గా (అంటే కుండీలో చిన్న చెట్టులా మలచి) పెంచుదామని, మే నెలలో నిండా పూసి ఉన్న ‘ఒసాకాజుకి’ రకపు సత్సుకి అజేలియాను, అంటే జపాన్‌కు చెందిన పూలపొదను, ఒక గ్యాలన్ నర్సరీ కుండీలో కొన్నారు. వయసు మూడు నాలుగేళ్లు, కాండం మొదట్లో బొటనవేలంత లావు కూడా లేదు. ఇప్పుడు జూన్ మొదటి వారం, పువ్వులు వాడిపోతున్నాయి. మొక్కను వెంటనే లోతు తక్కువగా ఉండే పలుచని బోన్సాయ్ కుండీలోకి మార్చవచ్చా, ఎక్కడ కత్తిరించాలి, కొమ్మలను మలచడానికి లోహపు తీగ ఎప్పుడు చుట్టాలి, లేత ఆకులు ఎందుకు పసుపు రంగుకు తిరుగుతున్నాయి అన్నవి మీ ప్రశ్నలు. హైదరాబాదులో ఉన్న మీ అక్కగారు కూడా దీన్ని పెంచగలరా అన్నది చివరి ప్రశ్న. నేను ఇదే రాష్ట్రంలోని షార్లెట్ దగ్గర చాలాకాలంగా ఈ మొక్కలను పెంచుతున్నాను. మన రెండు ఊళ్ల వాతావరణంలో పెద్ద తేడా లేదు కాబట్టి నేను చెప్పే నెలలు మీకు దాదాపుగా సరిపోతాయి.

పలుచని కుండీ ఈ ఏడాది వద్దు, వచ్చే ఏడాది కూడా వద్దు. బోన్సాయ్ కుండీలోకి వెళ్లిన నాటి నుంచి కాండం లావెక్కడం దాదాపు ఆగిపోతుంది. మట్టి తక్కువ, వేళ్లకు చోటు తక్కువ, అందువల్ల పైన కొమ్మల ఎదుగుదల కూడా తక్కువగానే ఉంటుంది. తయారైన చెట్టును ఉన్నదున్నట్టు నిలిపి ఉంచడానికి ఆ కుండీ పనికివస్తుందే తప్ప చెట్టును తయారు చేయడానికి పనికిరాదు. మీ మొక్కకు ఇప్పుడు కావలసినవి లావైన మొదలు (కాండం అడుగు భాగం), దాని నుంచి నాలుగు వైపులా నేల మీద పరుచుకున్న వేళ్లు. ఈ రెండూ చిన్న వయసులో సమకూరకపోతే తరువాత సంపాదించడం చాలా కష్టం. కొమ్మల విషయంలో ఆ ఆందోళన అక్కరలేదు, ఎందుకంటే అజేలియా ముదురు కాండం మీద కూడా కొత్త చిగుళ్లు వేస్తుంది. పువ్వుల కోసమైతే అసలు తొందరపడనక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న సత్సుకి ఏటా పూయకుండా ఉండదు.

అన్నిటికంటే ముందు మీరు ఈ మొక్క స్వభావాన్ని తెలుసుకోవాలి, ఎందుకంటే బోన్సాయ్ గురించి సాధారణంగా చెప్పే నియమాల్లో ఒక ముఖ్యమైనది దీనికి తలకిందులుగా వర్తిస్తుంది. పైన్, జూనిపర్, మేపుల్, మన జువ్వి, రావి వంటి చెట్లలో బలమంతా తలలో ఉంటుంది. అందుకే వాటి పైభాగాన్ని గట్టిగా కత్తిరించి కింది కొమ్మలను వదిలేయమంటారు. అజేలియా పొద జాతి మొక్క. సత్సుకి రకాలకు మూలమైన రోడోడెండ్రాన్ ఇండికమ్ జపాన్‌లో నదుల ఒడ్డున, వరద తాకే బండరాళ్ల సందుల్లో పెరుగుతుంది. అలాంటి చోట బతికే పొద ఎన్నిసార్లు విరిగినా మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. అందువల్ల దీని బలం కింద ఉంటుంది, తల బలహీనంగా ఉంటుంది. పైన్ చెట్టుకు చేసినట్టు తలను గిల్లుతూ కింది కొమ్మలను వదిలేస్తే రెండు మూడేళ్లలో కింది కొమ్మలు తొడల్లా బలుస్తాయి, తల ఎండిపోతుంది. కొత్తగా పెంచడం మొదలుపెట్టిన వారి అజేలియాలు చెడిపోవడానికి నేను చూసిన కారణాల్లో నీళ్ల తరువాతి స్థానం దీనిదే. కాబట్టి తలను తేలికగా మాత్రమే ముట్టుకోండి, కింది భాగాన్ని గట్టిగా కత్తిరించండి. మొదట్లోంచి వచ్చే పిలకలను కనిపించినప్పుడల్లా చేతితో పీకేయండి.

ఈ చివరి మాటకు ఒక మినహాయింపు ఉంది. మొదలు లావెక్కాలంటే దాని దగ్గర ఆకులు పనిచేస్తూ ఉండాలి. అందుకోసం కాండం కింది భాగం నుంచి, చివరికి మీ చెట్టు వెనుక వైపుగా మిగిలే చోట, ఒకే ఒక్క కొమ్మను ఎంచుకుని రెండు మూడేళ్లు స్వేచ్ఛగా పెరగనివ్వవచ్చు. అది తన పని పూర్తిచేశాక తీసేయాల్సిన కొమ్మ అని మొదటి రోజే నిర్ణయించుకోండి. అయితే దాని దగ్గర కాండం ఉబ్బడం మొదలైనా, తలలోని చిగుళ్లు చిన్నబోతున్నట్టు కనిపించినా ఆ ఏడాదే తీసేయండి. నాకైతే ఒకటికి మించి ఇలాంటి కొమ్మలు ఉంచడం ఇష్టం ఉండదు, ఎందుకంటే తలను పోగొట్టుకున్న అజేలియాలో కొత్త తలను నిలబెట్టడానికి పట్టే కాలం, మొదలు లావెక్కడానికి పట్టే కాలం కంటే తక్కువేమీ కాదు.

ఇక ఈ వారం చేయవలసిన పని. వాడిన పువ్వులను తీసేయాలి, కానీ తీసే పద్ధతి ముఖ్యం. పువ్వును వేళ్లతో పట్టుకుని లాగితే గరాటులాంటి రేకుల భాగం ఒక్కటే సులభంగా ఊడివస్తుంది. కొమ్మ చివర చూస్తే చిన్న ఆకుపచ్చని గుండీలాంటిది, దాని నుంచి నిలబడిన సన్నని కీలం అక్కడే మిగిలి ఉంటాయి. ఆ గుండీయే అండాశయం. దాన్ని వదిలేస్తే కాయగా మారి, నెలల తరబడి మొక్క బలాన్ని గింజల కోసం ఖర్చు చేయిస్తుంది. కాబట్టి తొడిమను పట్టుకుని పక్కకు వంచి, అండాశయంతో సహా తుంచేయండి. తుంచేటప్పుడు దాని చుట్టూ ఉన్న లేత చిగుళ్లకు గోరు తగలకుండా చూసుకోండి.

పువ్వు తీసేశాక ఆ చోటును దగ్గరగా చూడండి. పువ్వు కింద ఒకే కణుపు దగ్గర చక్రంలా మూడు నుంచి ఐదు లేత కొమ్మలు బయలుదేరి ఉంటాయి. అన్నిటినీ ఉంచితే ఏడాది తిరిగేసరికి అక్కడ బొడిపె కట్టి కొమ్మ వికారంగా తయారవుతుంది. ఎడమ పక్కకు ఒకటి, కుడి పక్కకు ఒకటి, దాదాపు సమాన బలం ఉన్న రెండింటిని ఉంచి మిగిలినవాటిని మొదట్లోకి తీసేయండి. నిలువుగా పైకి లేచినది, తిన్నగా కిందికి వంగినది, నడిమధ్యన అన్నిటికంటే బలంగా ఉన్నది తప్పక పోవాలి. మిగిలిన రెండింటినీ మొదటి రెండు మూడు ఆకుల దగ్గర కత్తిరిస్తే అక్కడి నుంచి మళ్లీ రెండేసి వస్తాయి. సత్సుకి బోన్సాయ్‌లో కనిపించే దట్టమైన, సన్నని కొమ్మల అల్లిక అంతా ఈ ‘రెండు ఉంచు, మిగిలినవి తీయి’ అన్న పనిని ఏటా చేయడం వల్ల వచ్చినదే. అయితే మీ మొక్క చిన్నది కనుక, ముందుకు సాగి లావెక్కవలసిన కొమ్మలను, ముఖ్యంగా తలను, ఈ ఏడాది కురచ చేయకండి. వాటిలో చిగుళ్లను రెండుకు తగ్గించడం వరకే చేసి ఊరుకోండి.

కత్తిరింపుకు గడువు ఉంది. వచ్చే వసంతంలో పూయవలసిన మొగ్గలు ఈ వేసవిలోనే, జులై, ఆగస్టు నెలల్లో, ఈ ఏటి చిగుళ్ల చివర్లలో తయారవుతాయి. అందుకే పువ్వులు రాలిన వెంటనే మొదలుపెట్టి జూన్ నెలాఖరు లోపల ఈ పనంతా ముగించాలి. ఆ తరువాత కత్తిరిస్తే మరుసటి ఏటి పువ్వులను కత్తిరించినట్టే. మొదటి మూడేళ్లు పువ్వులతో మనకు పని లేదు కాబట్టి మీరు ఈ నియమానికి భయపడనక్కరలేదు. అయినా ఆలస్యంగా కత్తిరించిన మొక్క వేసే లేత చిగుళ్లు ముదరకముందే చలి వచ్చేస్తుంది కనుక మన ప్రాంతంలో ఆగస్టు దాటాక పెద్ద కత్తిరింపు దేనికీ మంచిది కాదు.

పెద్ద కొమ్మను తీయవలసి వస్తే కాండానికి ఆనించి, కొద్దిగా లోపలికి గుంటగా కత్తిరించి, అంచును పదునైన కత్తితో నున్నగా చేసి, గాయానికి వెంటనే కట్ పేస్ట్ (కోసిన చోటును మూసే లేపనం) పూయండి. అజేలియా బెరడు చాలా పలుచన. గాయం అంచులు ఎండిపోతే మానడం ఆలస్యమవుతుంది, తెరిచి ఉంచిన కట్టెలోకి కుళ్లు దిగుతుంది. రూపాయి బిళ్లంత గాయం కప్పుకుపోవడానికే ఏళ్లు పడుతుంది, కనుక చివరికి వద్దనుకునే కొమ్మలను అవి సన్నగా ఉన్నప్పుడే తీసేయడం మేలు.

తీసిన చిగుళ్లను పారేయకండి. జూన్‌లో తుంచిన లేత కొమ్మలు, అయిదారు సెంటీమీటర్ల పొడవున్నవి, కింది ఆకులు తీసేసి తడి కనుమా మట్టిలోనో (దీని సంగతి కింద చెబుతాను), పీట్ మాస్ (సగం కుళ్లిన నాచు), పెర్లైట్ (తెల్లని తేలికైన ఖనిజ గుళికలు) కలిపిన మిశ్రమంలోనో గుచ్చి, నీడలో పెట్టి, పైన పారదర్శకమైన డబ్బా బోర్లిస్తే రెండు నెలల్లో వేళ్లు పడతాయి. తీగ చుట్టడం నేర్చుకోవడానికి ఈ పిల్ల మొక్కలకు మించినవి లేవు. జపాన్‌లో వృత్తిగా పెంచేవారు కూడా కాండానికి మెలికలు తిప్పే పనిని ఇలా కొమ్మ నాటి పెంచిన, పెన్సిలంత లావున్న మొక్కల మీదే చేస్తారు.

తీగ విషయానికి వస్తే, అజేలియా కట్టె పెళుసు. ఆ ఏటి కొమ్మ ఎటు వంచితే అటు వంగుతుంది, రెండేళ్ల కొమ్మ కొంతవరకు వంగుతుంది, ఆపైన వయసున్నది ముందుగా ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది. కొమ్మ లావులో మూడో వంతు మందం ఉన్న అల్యూమినియం తీగను వాడండి. రాగి తీగ గట్టిగా ఉంటుంది, ఈ పలుచని బెరడును కోసేస్తుంది. తీగ చుట్టే ముందురోజు నీళ్లు కొద్దిగా తగ్గిస్తే కొమ్మలో బిగువు తగ్గి మెత్తబడుతుంది. అలాగని మట్టిని ఎండబెట్టకూడదు. వంచేటప్పుడు వంపుకు లోపలివైపు బొటనవేళ్లు ఆనించి, బయటివైపును మిగిలిన వేళ్లతో పట్టి, ఒకేసారి లాగకుండా, కొద్దికొద్దిగా వంచండి.

అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు కొమ్మ కాండంతో కలిసే చంక. నిటారుగా లేచిన కొమ్మను కిందికి దించబోతే చంకలో పైభాగాన సన్నని గీత కనిపిస్తుంది, మరుక్షణం కొమ్మ కాండం నుంచి చీలిపోతుంది. దించడానికి ముందే ఆ చంక చుట్టూ రాఫియా పీచునో, రబ్బరు టేపునో ఎనిమిది అంకె ఆకారంలో బిగించి కట్టుకోండి. గీత కనిపించగానే ఆపి, కొమ్మను కొద్దిగా వెనక్కి వదిలి, చీలిక మూసుకునేలా కట్టి పేస్ట్ పూస్తే చాలాసార్లు అతుక్కుంటుంది. వేసవిలో కొమ్మలు త్వరగా లావెక్కుతాయి కాబట్టి నెల తిరిగాక వారానికి ఒకసారి తీగను పరిశీలించండి. బెరడులోకి దిగడం మొదలైతే తీగను విప్పదీయకుండా ముక్కలుగా కత్తిరించి తీయండి. దాని గాటు కాండం మీద పడితే ఏళ్లకు గానీ చెరగదు.

మీ మొక్క కాండం ఇంకా వంగే వయసులోనే ఉంది. మొదట్లో ఒక వంపు, దానికి ఎదురుగా పైన ఇంకొంచెం చిన్న వంపు, ఆపైన మరింత చిన్నది ఉండేలా, వంపులు ఒకే తలంలో పాములా కాకుండా ముందుకూ వెనక్కూ కూడా తిరిగేలా తీగతో మలచండి. ఈ పని వేళ్ల పని చేసిన ఏడాది పెట్టుకోకండి. మొక్క ఆరోగ్యంగా ఉంటే, ఆకుల పసుపు పోయాక, ఈ శరత్తులోనే చేయవచ్చు. కొమ్మలు వంపుల బయటి వైపు నుంచి రావాలి. లోపలివైపు వచ్చినవాటిని మెల్లగా తొలగించుకుంటూ వెళ్లండి.

ఇక వేళ్లు, మట్టి. అజేలియా మట్టి అనగానే జపాన్‌లో అందరూ చెప్పేది కనుమా. టోక్యోకు ఉత్తరాన తొచిగి ప్రాంతంలో ఉన్న కనుమా నగరం చుట్టుపక్కల, అకాగి అగ్నిపర్వతం పురాతన కాలంలో వెదజల్లిన ప్యూమిస్ (సన్నని రంధ్రాలున్న తేలికైన రాయి) పొరను తవ్వి, ఎండబెట్టి, జల్లించి అమ్ముతారు. సత్సుకి పెంపకానికి, ఏటా మే చివర, జూన్ మొదట్లో జరిగే సత్సుకి ఉత్సవానికి కూడా ఆ ఊరే ప్రసిద్ధి. ఈ మట్టి ఆమ్ల గుణం కలది, తేలికైనది, ఒక్కో రేణువు స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతూనే రేణువుల మధ్య గాలి ఆడనిస్తుంది. కొత్తవారికి దీనివల్ల ఇంకో గొప్ప ప్రయోజనం ఉంది. తడిగా ఉన్నప్పుడు ముదురు పసుపు రంగులో ఉండి, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. పై పొర పాలిపోయి, వేలితో ఒక అర అంగుళం గీరితే కింద ఇంకా పసుపుగా ఉందంటే నీళ్లు పోయవలసిన సమయం అదే. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల రేణువులను తీసుకుని, దుమ్మును జల్లించి పారేసి వాడండి. ఖరీదు ఎక్కువనిపిస్తే, కాండం పెంచే ఈ కొన్నేళ్లూ మన నార్త్ కరోలినాలో చవకగా దొరికే సన్నని పైన్ బెరడులో మూడో వంతు పెర్లైట్ కలిపి వాడినా మొక్క చక్కగా పెరుగుతుంది. మన పెరటి ఎర్రమట్టిని మాత్రం కుండీలో వేయకండి.

మట్టి మార్పు వచ్చే మార్చిలో, చిగుళ్లు కదలకముందు పెట్టుకోండి. జపాన్‌లో పువ్వులయ్యాక జూన్‌లో మారుస్తారని మీరు చదివి ఉంటారు. అక్కడ జూన్ మొదట్లోనే వానాకాలం మొదలై, మబ్బు పట్టిన చల్లని వారాలు మొక్క కోలుకోవడానికి తోడ్పడతాయి. మనకు అదే సమయంలో ముప్పై రెండు డిగ్రీల ఎండ మొదలవుతుంది. వేళ్లు కోసిన లేత మొక్కను ఆ ఎండలోకి పంపడం నాకు సమ్మతం కాదు. మార్చిలో మార్చినప్పుడు ఆ వసంతపు పూమొగ్గలన్నిటినీ గిల్లేయండి. మనసు ఒప్పుకోకపోతే రంగు చూసుకోవడానికి ఒకటి రెండు ఉంచుకోండి.

కుండీ నుంచి తీయగానే కొబ్బరి పీచు ఉండలా అల్లుకుపోయిన గోధుమరంగు వేళ్ల ముద్ద కనిపిస్తుంది. లోపల పీట్ మాస్ ఉంటుంది. ఈ పీట్‌ను వదిలేసి చుట్టూ కనుమా నింపడం పెద్ద పొరపాటు. పోసిన నీళ్లు సులభమైన దారి వెతుక్కుని కనుమాలోంచి జారిపోతాయి, నడుమ ఉన్న పీట్ ఒకసారి ఎండితే మళ్లీ నీళ్లను పట్టదు. పైన మట్టి తడిగా ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల వేళ్లు ఎండిపోతాయి. అందుకే కింది మూడో వంతును రంపంతోనో, పాత కత్తితోనో అడ్డంగా కోసి పారేసి, మిగిలిన ముద్దను చెక్కపుల్లతో కాండం నుంచి బయటి వైపుగా దువ్వుతూ, గొట్టపు నీటి ధారతో కడుగుతూ పీట్ అంతా తీసేయండి. లేత అజేలియా ఈ కడుగుడును బాగానే తట్టుకుంటుంది, కానీ వెంట్రుకల్లాంటి ఆ వేళ్లు గాలికి నిమిషాల్లో ఎండుతాయి కాబట్టి నీడలో, తడుపుతూ పని చేయండి. కడిగేటప్పుడు మొదట్లో పైపొరలో దాగి ఉన్న లావు వేళ్లు బయటపడతాయి. కాండం వెడల్పయ్యే చోటు అదే. దాని పైన ఉన్న సన్నని వేళ్లను తీసేసి, ఆ మట్టానికే మొక్కను కొత్త కుండీలో నాటండి. వెడల్పుగా, ఓ మోస్తరు లోతుగా ఉన్న కుండీ కావాలి. మొక్క కదలకుండా అడుగు రంధ్రాల ద్వారా తీగతో కట్టి, మట్టిని చెక్కపుల్లతో వేళ్ల మధ్యకు నింపి, అడుగు నుంచి స్వచ్ఛమైన నీళ్లు వచ్చేదాకా పోయండి. పైన సన్నగా తరిగిన స్ఫాగ్నమ్ మాస్ (నీళ్లు పట్టి ఉంచే నాచు) పరిస్తే పైవేళ్లు ఎండవు. తరువాత నాలుగైదు వారాలు ఎండ, ఎరువు రెండూ వద్దు.

మీ లేత ఆకుల పసుపుకు కారణం మీరు పంపిన వివరాల్లోనే ఉంది. ఆకు పసుపు, ఈనెలు పచ్చ, అదీ కొత్త ఆకుల్లో మొదలు అంటే ఇనుము అందడం లేదని అర్థం. మట్టిలో ఇనుము లేకపోవడం అరుదు, నీళ్ల క్షార గుణం వల్ల మొక్క దాన్ని తీసుకోలేకపోవడమే సాధారణం. అజేలియాకు పి.హెచ్. (ఆమ్ల, క్షార గుణాల కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్ల గుణం ఎక్కువ) ఐదుకు అటూ ఇటూ ఉంటే హాయి, ఆరు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. పైకప్పు మీది వాన నీళ్లను ఒక డ్రమ్ములో పట్టి వాటినే వాడండి. అంతలోపు చీలేటెడ్ ఐరన్‌ను (మొక్క సులభంగా తీసుకోగల రూపంలోని ఇనుమును), డబ్బా మీద చెప్పిన మోతాదుకు మించకుండా, ఒకసారి మట్టికి ఇవ్వండి. పసుపు తిరిగిన పాత ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు, కొత్తగా వచ్చే ఆకుల రంగును బట్టి ఫలితం చూడండి. శరత్తులో కొమ్మల లోపలివైపు పాత ఆకులు పసుపు, ఎరుపు తిరిగి రాలితే మాత్రం కంగారు పడకండి, అది ఏటా జరిగేదే. మట్టి తడిగా ఉండగానే మొక్క వాలిపోతే వేళ్లు కుళ్లుతున్నాయని అనుమానించి వెంటనే కుండీ నుంచి తీసి చూడాలి. ఆరోగ్యమైన వేరు లేత గోధుమ రంగులో గట్టిగా ఉంటుంది, కుళ్లినది నల్లగా ఉండి చేతి వేళ్ల మధ్య నలిగిపోతుంది.

నీళ్లు ఉదయం పోయండి. వేసవిలో రోజూ, చిన్న కుండీ అయితే జులైలో రెండు పూటలా అవసరం కావచ్చు. ఉదయం పదకొండు, పన్నెండు దాకా ఎండ, ఆపైన నీడ లేదా షేడ్ నెట్ ఉన్న చోటు మంచిది. పూర్తి నీడలో పెడితే కొమ్మలు సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, బోన్సాయ్‌కి పనికిరాకుండా పోతాయి.

ఎరువు తేలికగా, తరచుగా ఇవ్వాలి. మార్చి చివర నుంచి మొదలుపెట్టి, పూసే రోజుల్లో ఆపి, పువ్వులయ్యాక మళ్లీ మొదలుపెట్టి, నడివేసవిలో తగ్గించి, సెప్టెంబరు, అక్టోబరులో మళ్లీ ఇవ్వండి. జపాన్‌లో ఆవ జాతి గింజల చెక్కను ఉండలు చేసి మట్టి మీద పెడతారు. ఇక్కడ తోటల దుకాణాల్లో దొరికే పత్తిగింజల చెక్క అజేలియాకు బాగా పనిచేస్తుంది. మన ఇళ్లలో మొక్కలకు అలవాటుగా వేసే వాటిలో కొన్ని దీనికి విషంతో సమానం. గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద, సున్నం కలిసిన ఏ ఎరువైనా మట్టి ఆమ్ల గుణాన్ని చెడగొడతాయి. పెద్దవాళ్లెవరైనా ఊరి నుంచి వచ్చి ప్రేమగా ఒక గుప్పెడు బూడిద చల్లకుండా ముందే చెప్పి ఉంచండి. అన్నట్టు, ఈ మొక్క ఆకులు, పువ్వులు, తేనె కూడా విషపూరితమే కనుక పసిపిల్లలకు, కుక్కలకు అందని ఎత్తులో పెట్టండి.

పురుగుల్లో మన ప్రాంతంలో నిజంగా పట్టించుకోవలసినది లేస్ బగ్. ఆకుల పైభాగం సన్నని తెల్లచుక్కలతో బూడిద రంగుకు తిరిగితే ఆకును తిప్పి చూడండి. అడుగున నల్లని మెరిసే చుక్కలు, గాజులాంటి రెక్కల చిన్న పురుగులు కనిపిస్తాయి. మే నుంచే ఆకుల అడుగు తడిసేలా వేపనూనె గానీ, క్రిమిసంహారక సబ్బు ద్రావణం గానీ సాయంత్రం వేళ పిచికారీ చేయండి. తడి వసంతంలో ఆకులు ఉబ్బి, మందంగా లేతాకుపచ్చ ముద్దల్లా మారితే, వాటి మీద తెల్లపొడి పుట్టకముందే తుంచి చెత్తలో వేయండి. మందు అక్కరలేదు.

చలికాలంలో మొక్కను ఇంట్లోకి తెచ్చుకోవాలన్న కోరికను అణచుకోండి. చలి తగలనిదే పూమొగ్గలు సరిగ్గా విచ్చవు, వెచ్చని గదిలో మొక్క నీరసిస్తుంది. బయటే, గాలి తగలని గోడ పక్కన నేల మీద పెట్టి, కుండీ చుట్టూ పైన్ బెరడు కుప్ప పోస్తే చాలు. కొమ్మల కంటే వేళ్లు చలికి సుకుమారం కాబట్టి మైనస్ ఐదు డిగ్రీలకు దిగే రాత్రుల్లో హీటర్ లేని గ్యారేజీలోకి మార్చండి, మట్టి ఎండిపోకుండా చూడండి. వీలు కుదిరితే యాష్‌విల్‌లోని నార్త్ కరోలినా అర్బొరేటమ్‌కు వెళ్లి అక్కడి బోన్సాయ్ తోటను చూడండి. కాండం మొదలు నేలను పట్టుకున్న తీరు ఫొటోల్లో తెలియదు, చెట్టు ముందు నిలబడి చూడాలి.

మీ ఒసాకాజుకి ఒకే రంగు పువ్వులు పూసే, బలంగా పెరిగే పాత రకం. నేర్చుకోవడానికి మంచి ఎంపిక. రేపు ‘నిక్కో’ వంటి, ఒకే చెట్టు మీద పలు రంగులు పూసే రకాన్ని కొంటే మాత్రం పూసినప్పుడే కొమ్మలకు రంగు దారాలు కట్టి గుర్తు పెట్టుకోండి. నిండు రంగు పూసే కొమ్మలు బలంగా ఉండి మెల్లగా చెట్టంతా ఆక్రమిస్తాయి. ఆకులను చూసి ఏది ఏ కొమ్మో చెప్పలేము, దారం లేకుండా కత్తిరిస్తే చారల పువ్వుల కొమ్మలే పోవచ్చు.

అక్కగారి విషయంలో నా సలహా స్పష్టంగానే చెబుతాను: హైదరాబాదులో వద్దు. నలభై దాటే ఎండలు, చలికాలంలోనూ మొగ్గలకు చాలినంత చలి లేకపోవడం, సున్నం నిండిన బోరు నీళ్లు, ఈ మూడూ కలిసి అజేలియాను నిలవనివ్వవు. ఊటీ, కొడైకెనాల్, డార్జిలింగ్, కాలింపాంగ్, షిల్లాంగ్ వంటి కొండ ఊళ్లలో అజేలియాలు ఆనందంగా పెరుగుతాయి. నీలగిరుల్లో దాని బంధువైన ఎర్ర రోడోడెండ్రాన్ సహజంగానే ఉంది. కొండల నుంచి పూతతో తెచ్చిన కుండీ మైదానంలో ఆ ఒక్కసారి పూసి, వేసవికి పోతుంది. బదులుగా చిన్న ఆకుల నూరువరహాలు మొక్కను తీసుకోమనండి. అది కూడా పొదగా పెరుగుతుంది, కత్తిరించిన చోట రెండేసి చిగుళ్లు వేస్తుంది, గుత్తులుగా పూస్తుంది, ఎండను ప్రేమిస్తుంది. బోరు నీళ్లకు దాని లేత ఆకులు కూడా మీ అజేలియాలాగే పసుపు తిరుగుతాయి కనుక వాన నీళ్లు పట్టి ఉంచుకోమనండి. అవి అయిపోయిన నెలల్లో ఆర్.ఓ. యంత్రం నుంచి శుద్ధి అయి వచ్చే మంచినీళ్లు పోయాలి. ఆ యంత్రం బయటికి వదిలే వృథా నీళ్లలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి, వాటిని కుండీలో పోయవద్దని ప్రత్యేకంగా చెప్పండి.